డీబగ్గర్ చూస్తుంటే స్క్రిప్ట్ నడక ఎందుకు మారుతుంది?

కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో దాగిన తప్పును వెతికి పట్టుకోవడానికి వాడే ఉపకరణం పేరు డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను కోరిన పంక్తి దగ్గర ఆపడం, ఆ క్షణంలో ఏ పేరు కింద ఏ విలువ ఉందో చూపడం, అక్కడి నుంచి ఒక్కో పంక్తి చొప్పున ముందుకు నడిపించడం దాని ప్రధాన విధులు. చాలామంది దీనిని భూతద్దంతో పోలుస్తారు. ఆ పోలిక సగమే నిజం. భూతద్దం కింద పెట్టిన అక్షరం మారదు. డీబగ్గర్ కింద పెట్టిన స్క్రిప్ట్ మాత్రం మారవచ్చు. ఉడుకుతున్న అన్నాన్ని చూడటానికి మూత తీస్తే ఆవిరి పోతుంది. డీబగ్గర్ విషయంలో జరిగేదీ దాదాపు అదే.

స్క్రిప్ట్ అంటే పైథాన్, జావాస్క్రిప్ట్, పెర్ల్, షెల్ వంటి భాషల్లో రాసి, ఇంటర్‌ప్రెటర్ అనే మరో ప్రోగ్రామ్ ద్వారా నడిపించే ఆదేశాల వరుస. హాజరు లెక్కలు, బిల్లులు, పరీక్షా ఫలితాల జాబితాలు, టికెట్ల వెబ్‌సైట్లు ఇలాంటి చిన్నాపెద్దా స్క్రిప్టుల మీదే నడుస్తున్నాయి. వీటిలో తప్పు దొర్లితే నష్టం కంప్యూటర్‌కు కాదు, ఆ లెక్క మీద ఆధారపడిన మనిషికి.

షిఫ్టు మారే వేళ

ఢిల్లీకి దక్షిణాన ఉన్న ఫరీదాబాద్ ట్రాక్టర్లకు, వాహనాల విడిభాగాలకు పేరున్న పారిశ్రామిక నగరం. అలాంటి చోట మూడు షిఫ్టులు నడిచే ఒక కర్మాగారాన్ని ఊహించుకుందాం. గేటు దగ్గరి యంత్రంలో నమోదైన హాజరును ఒక స్క్రిప్ట్ తీసుకుని ఫైల్‌లోకి రాస్తుంది. రాత్రి నిర్ణీత సమయానికి మరో స్క్రిప్ట్ ఆ ఫైల్‌ను చదివి ఓవర్‌టైం లెక్క కడుతుంది. మామూలు రోజుల్లో మొదటిది ముందే పని ముగిస్తుంది. పని ఒత్తిడి పెరిగి హాజరు ఎక్కువైన రాత్రి, రాయడం పూర్తి కాకముందే చదవడం మొదలవుతుంది. ఫైల్ చివర ఉండవలసిన నలభై పేర్లు ఇంకా చేరలేదు. రెండో స్క్రిప్ట్ ఏ హెచ్చరికా ఇవ్వదు. ఉన్నంతవరకు లెక్క కట్టి ముగిస్తుంది. నలభై మంది ఓవర్‌టైం లెక్కలోంచి జారిపోతుంది.

ఫిర్యాదు వచ్చాక ప్రోగ్రామర్ రెండో స్క్రిప్ట్‌కు డీబగ్గర్ తగిలించి, ఫైల్ చదివే పంక్తి దగ్గర ఆపుతాడు. విలువలు పరిశీలించడానికి అరనిమిషం పడుతుంది. డీబగ్గర్ ఆపింది రెండో స్క్రిప్ట్‌నే కాబట్టి ఆ అరనిమిషంలో మొదటిది తన పని నింపాదిగా పూర్తి చేసుకుంటుంది. ఇప్పుడు ముందుకు నడిపిస్తే నలభై పేర్లూ కనిపిస్తాయి. మొత్తం సరిపోతుంది. ‘ప్రోగ్రామ్‌లో లోపం లేదు’ అన్న సమాధానం కార్మికులకు చేరుతుంది. ప్రోగ్రామర్ అబద్ధం చెప్పలేదు. అతడు చూసిన పరుగు, ఆ రాత్రి జరిగిన పరుగు వేరు వేరు.

రెండు పనుల్లో ఏది ముందు ముగుస్తుందన్న దానిపై ఫలితం ఆధారపడే ఈ స్థితిని రేస్ కండిషన్ అంటారు. డీబగ్గర్ తెచ్చే మార్పుల్లో అత్యంత సాధారణమైనది, అత్యంత ప్రమాదకరమైనది కాలానికి సంబంధించినదే. అది ఒక పరుగు పందెంలో ఒక్క ఆటగాడిని మాత్రమే పట్టి ఆపుతుంది.

హైజెన్‌బగ్ అన్న పేరు

పరిశీలించబోతే మాయమయ్యే దోషాలకు కంప్యూటర్ రంగంలో హైజెన్‌బగ్ అన్న పేరు 1980ల నుంచి వాడుకలో ఉంది. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త వెర్నర్ హైజెన్‌బర్గ్ పేరు మీద అల్లిన చమత్కారమిది. నిజానికి ఆయన అనిశ్చితి సూత్రం, చూడటం వల్ల చూసే వస్తువు మారడం ఒకటి కావు. అయినా పేరు నిలిచిపోయింది.

ఆ పేరుకు విస్తృత ప్రచారం తెచ్చింది టాండెమ్ కంప్యూటర్స్‌లో పనిచేసిన జిమ్ గ్రే. కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న ప్రశ్న మీద ఆయన 1985లో రాసిన పత్రం ఇప్పటికీ పాఠ్యాంశంగా నిలిచే రచన. ఎన్నిసార్లు నడిపినా ఒకే చోట విఫలమయ్యే గట్టి దోషాలను ఆయన బోర్‌బగ్‌లు అన్నారు. మళ్లీ నడిపితే కనిపించని మెత్తని దోషాలు హైజెన్‌బగ్‌లు. ముద్రణ పనులు చూసే ఒక సాఫ్ట్‌వేర్ లాగ్‌లను పరిశీలించగా, నమోదైన 132 సాఫ్ట్‌వేర్ వైఫల్యాల్లో ఒక్కటి మాత్రమే బోర్‌బగ్ అని, మిగిలినవన్నీ హైజెన్‌బగ్‌లని ఆయన పేర్కొన్నారు. కారణం ఊహించదగినదే. గట్టి దోషాలు పరీక్షల దశలోనే దొరికిపోతాయి. వినియోగదారు దాకా వచ్చేవి దొరకనివే. గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ఒహాయోలో మూగబోయిన హెచ్చరిక

కేంద్ర విద్యుత్ శాఖ పరిధిలోని జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థ ప్రధాన కార్యాలయం ఫరీదాబాద్‌లోనే ఉంది. ఇప్పుడు గ్రిడ్ నిర్వహణ అంటే కంప్యూటర్ తెర ముందు కూర్చుని చేసే పని. ఆ పనిలో ఉన్నవారికి 2003 ఆగస్టు 14 ఒక మరువరాని తేదీ. ఆ రోజు అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడాలోని ఒంటారియో ప్రాంతంలో సుమారు 5 కోట్ల మందికి విద్యుత్ నిలిచిపోయింది.

చెట్లకు తగిలిన తీగలు, నిర్వహణ లోపాలు వంటి అనేక కారణాల్లో ఒకటి సాఫ్ట్‌వేర్‌ది. ఒహాయోలోని ఫస్ట్‌ఎనర్జీ సంస్థ నియంత్రణ గదిలో జనరల్ ఎలక్ట్రిక్ తయారీ ఎక్స్‌ఏ/21 వ్యవస్థ హెచ్చరికల విభాగం మధ్యాహ్నం రెండు గంటలు దాటాక మూగబోయింది. అది మూగబోయిందన్న సంగతి కూడా గంటకు పైగా ఎవరికీ తెలియలేదు. విద్యుత్ లైన్లు ఒక్కొక్కటిగా ట్రిప్ అవుతున్నా తెర ప్రశాంతంగా కనిపించింది.

దోషాన్ని పట్టుకోవడానికి వారాలు పట్టింది. లక్షల పంక్తుల మూల సంకేతాన్ని వడపోశాక తేలింది: ఒకే సమాచారాన్ని రెండు ప్రక్రియలు ఒకేసారి రాయడానికి అవకాశమిచ్చే, మిల్లీసెకన్లలో కొలవవలసినంత సన్నని సందు ఒకటుంది. అంతకుముందు అనేక చోట్ల లక్షల గంటలు నడిచినా ఆ సందు ఎవరికీ తగల్లేదు. ఇంజినీర్లు చివరికి దాన్ని ఎలా పునఃసృష్టించారన్నదే ఇక్కడ అసలు విషయం. ప్రోగ్రామ్‌లో కావాలనే ఆలస్యాలు చొప్పించి, వ్యవస్థ వేగం తగ్గించి, హెచ్చరికలను కుమ్మరించారు. డీబగ్గర్ తెచ్చే ఆలస్యం దోషాన్ని దాచగలిగినట్లే, సరైన చోట పెట్టిన ఆలస్యం దాన్ని బయటికి లాగగలదు.

వేగానికీ దోషానికీ ఉన్న ఈ బంధం అంతకుముందే ప్రాణాలు తీసింది. కెనడాకు చెందిన ఏఈసీఎల్ తయారుచేసిన థెరాక్-25 అనే క్యాన్సర్ చికిత్సా యంత్రం 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య కనీసం ఆరుగురికి మోతాదుకు మించి రేడియేషన్ ఇచ్చింది. టెక్సాస్‌లోని టైలర్ ఆసుపత్రిలో జరిగిన ప్రమాదాలకు కారణం, చేయి తిరిగిన ఆపరేటర్ తెర మీది వివరాలను ఎనిమిది సెకన్లలోపే సవరించగలగడం. తయారీదారుల ఇంజినీర్లు మొదట ప్రయత్నించినప్పుడు దోషం కనిపించలేదు. ఆ ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త, ఆపరేటర్ కలిసి అదే వేగంతో మళ్లీ మళ్లీ టైప్ చేసి చూశాకే అది బయటపడింది. అక్కడ డీబగ్గర్ లేదు. పరీక్షించేవారి నిదానమే ఆ పాత్ర పోషించింది.

విలువ చూడటం కూడా ఒక పనే

కాలం సంగతి పక్కన పెడితే, స్క్రిప్టులకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. డీబగ్గర్ కిటికీలో ఒక విలువ కనిపించాలంటే, ఆ విలువను ఎవరో లెక్కించాలి. పైథాన్‌లో ఒక వస్తువు తనను తాను అక్షరాల్లో ఎలా చూపుకోవాలో చెప్పే చిన్న ప్రమేయాన్ని ప్రోగ్రామరే రాసుకోవచ్చు. జావాస్క్రిప్ట్‌లో గెటర్ అనే ఏర్పాటుంది. పైకి విలువలా కనిపించినా, చదవగానే వెనుక ఒక ప్రమేయం నడుస్తుంది. ఆ ప్రమేయం లెక్కింపు సంఖ్యను ఒకటి పెంచేదైతే, డీబగ్గర్ కిటికీలో చూసిన ప్రతిసారీ ఆ సంఖ్య పెరుగుతుంది. డేటాబేస్ నుంచి అవసరమైనప్పుడే సమాచారం తెచ్చేలా రాసిన జాబితా ఉంటే, డీబగ్గర్ దాన్ని చూపడానికి తానే డేటాబేస్ తలుపు తడుతుంది. ఒక్కసారి మాత్రమే చదవగల జెనరేటర్‌ను ప్రోగ్రామర్ కుతూహలం కొద్దీ డీబగ్గర్‌లో విప్పి చూస్తే, స్క్రిప్ట్ వంతు వచ్చేసరికి అందులో ఏమీ మిగలదు. తాళం వేసిన హుండీని తెరిచి లెక్కపెట్టి, డబ్బు తిరిగి వేయకుండా మూసినట్లవుతుంది.

దీనికి విరుద్ధమైన మోసం బ్రౌజర్లలో కనిపిస్తుంది. కన్సోల్‌లో ఒక వస్తువును నమోదు చేయించి, తరువాత దాన్ని విప్పితే, నమోదు చేసిన క్షణంలోని విలువ కాక విప్పిన క్షణంలోని విలువ కనిపించవచ్చు. స్క్రిప్ట్ మారలేదు, సాక్ష్యం మారింది. కొత్తగా నేర్చుకునేవారు గంటల తరబడి తలపట్టుకునేది ఇక్కడే.

బ్రౌజర్ చరిత్రలో అన్నిటికంటే ముతక ఉదాహరణ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ది. 2009లో వచ్చిన 8వ రూపం, 2011లో వచ్చిన 9వ రూపంలో కన్సోల్ అనే వస్తువు డెవలపర్ పరికరాలు తెరిచినప్పుడు మాత్రమే ఉనికిలోకి వచ్చేది. సందేశం నమోదు చేసే పంక్తిని తొలగించడం మరచిపోయి వెబ్‌సైట్‌ను విడుదల చేస్తే, సాధారణ వినియోగదారు దగ్గర ఆ పంక్తి చేరగానే స్క్రిప్ట్ కూలిపోయేది. ఫిర్యాదు అందుకున్న ప్రోగ్రామర్ పరికరాలు తెరిచేవాడు. తెరవగానే కన్సోల్ పుట్టేది, పుట్టగానే దోషం పోయేది. తరువాతి రూపంలో ఈ తీరును సరిదిద్దారు. పరికరాలు తెరిస్తే స్క్రిప్ట్ చూసే ప్రపంచం మారడం మాత్రం ఇప్పటికీ ఉంది. వాటిని తెర పక్కన అమర్చితే పేజీ వెడల్పు తగ్గి, మొబైల్ ఫోన్ కోసం రాసిన భాగం నడవడం మొదలుపెట్టవచ్చు. పరికరాలు తెరిచినంతసేపు క్యాష్ వాడవద్దన్న ఎంపిక పెట్టుకుంటే, పాత ఫైల్ వల్ల వచ్చిన దోషం ఎన్నటికీ కనిపించదు. చెల్లింపు పేజీని మధ్యలో ఆపి ఆలోచిస్తూ కూర్చుంటే, అవతలి సర్వర్‌లో ఓటీపీ గడువు తీరిపోతుంది. ఆ తరువాత స్క్రిప్ట్ తొక్కే దారి సాధారణ వినియోగదారు ఎప్పుడూ తొక్కనిది.

షెల్ స్క్రిప్టుల్లో డీబగ్గర్ కూడా అక్కరలేదు. నడిచే ప్రతి ఆదేశాన్నీ తెర మీద చూపే ట్రేస్ ఎంపిక ఒక్కటి చాలు. ఆ వివరాలు దోష సందేశాల మార్గంలో వెళతాయి. స్క్రిప్ట్‌లో ఎక్కడైనా దోష సందేశాలను, ఫలితాన్ని కలిపి ఒకే చోట పట్టుకునే ఏర్పాటుంటే, ట్రేస్ అక్షరాలు కూడా ఫలితంలో కలిసిపోయి తరువాతి నిర్ణయాలను తారుమారు చేస్తాయి. 4.1 రూపం నుంచి బాష్ ఈ ట్రేస్‌ను వేరే మార్గంలోకి మళ్లించే సదుపాయం ఇచ్చింది.

లోపల ఏం జరుగుతుంది?

ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద నడిచే ప్రోగ్రామ్‌లో డీబగ్గర్ బ్రేక్‌పాయింట్ పెట్టిందంటే, అక్కడున్న ఆదేశంలోని మొదటి బైట్‌ను తీసి, ‘ఇక్కడ ఆగు’ అన్న అర్థమిచ్చే ఒక బైట్‌ను ఉంచిందని అర్థం. అంటే ప్రోగ్రామ్ అక్షరాలా మారిపోయింది. తన సంకేతాన్ని తానే చదివి సరిచూసుకునే ప్రోగ్రామ్ ఈ మార్పును పసిగట్టగలదు. మార్పు లేకుండా ఆపడానికి ప్రాసెసర్‌లోనే ప్రత్యేక రిజిస్టర్లు ఉన్నా, వాటితో ఒకేసారి నాలుగు చోట్ల మాత్రమే కాపలా పెట్టగలం. లినక్స్‌లో వాడే జీడీబీ డీబగ్గర్ ఇంకో పని చేస్తుంది. భద్రత కోసం ప్రతిసారీ మెమరీ చిరునామాలను మార్చే ఏర్పాటును, తాను ప్రారంభించిన ప్రోగ్రామ్‌కు సాధారణంగా ఆపివేస్తుంది. చిరునామా మారినప్పుడే బయటపడే దోషం అక్కడ నిద్రపోతుంది.

స్క్రిప్టుల విషయంలో మారేది ఇంటర్‌ప్రెటర్ ప్రవర్తన. పైథాన్‌లో సంప్రదాయ డీబగ్గర్లు ప్రతి పంక్తికీ తమను పిలవాలని ఇంటర్‌ప్రెటర్‌ను కోరేవి. నూరు పంక్తులుంటే నూరు పిలుపులు, పంక్తి పది లక్షల సార్లు తిరిగితే పది లక్షల పిలుపులు. స్క్రిప్ట్ వేగం ఘోరంగా పడిపోవడానికి కారణమిదే. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 అవసరమైన పంక్తులకే పిలుపులను పరిమితం చేసే కొత్త పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడాది 3.13లో ఇంకో పాత చిక్కు తొలగింది. అంతకుముందు డీబగ్గర్‌లో కూర్చుని ఒక ప్రమేయంలోని స్థానిక విలువను మార్చితే, కొన్ని సందర్భాల్లో ఆ మార్పు నిలిచేది కాదు. మార్చినట్లు కనిపించి, స్క్రిప్ట్ మాత్రం పాత విలువతోనే ముందుకు సాగేది.

ఆపకుండా చూసే ప్రయత్నాలు

మనిషి ఆలోచించేంతసేపు ప్రోగ్రామ్‌ను ఆపి ఉంచడమే చిక్కుకు మూలమైతే, ఆపకుండా చూడలేమా? లినక్స్‌లో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో కేప్రోబ్స్ ఒకటి. నడుస్తున్న కెర్నల్‌లో కోరిన చోట ఒక శోధకాన్ని చొప్పించి, అక్కడికి చేరగానే చిన్న ప్రమేయం నడిపి, తొలగించిన ఆదేశాన్ని పక్కన అమలు చేయించి, వెంటనే దారిన పంపేయడం దాని పద్ధతి. మూల సంకేతం తలవాకిలిలోనే, 2002 అక్టోబరులో దీని తొలి రూపాన్ని ఐబీఎం భారత విభాగం చిరునామాతో ఉన్న వంశీకృష్ణ ఎస్. రూపొందించినట్లు నమోదై ఉంది. 2004లో ఇది ప్రధాన లినక్స్‌లో చేరింది. సాధారణ ప్రోగ్రామ్‌లకు ఇదే సదుపాయాన్ని విస్తరించిన యూప్రోబ్స్ 2012లో వచ్చింది. దాని రచయితల జాబితాలో మొదటి పేరు ఐబీఎంకే చెందిన శ్రీకర్ ద్రోణంరాజుది. తెలుగు చెవికి పరిచయమైన ఈ పేర్లు ప్రపంచవ్యాప్తంగా నడిచే కోట్లాది యంత్రాల మూల సంకేతంలో ఉన్నాయి.

ఈ శోధకాలకు సొంత పరిమితి ఉంది. శోధకాన్ని నడిపించే సంకేతంలోనే శోధకం పెడితే, అది తనను తాను పిలుచుకుంటూ అంతులేని సుడిలో పడుతుంది. అందుకే కేప్రోబ్స్ తన సొంత భాగాలతో పాటు మరికొన్ని కీలక ప్రమేయాలను నిషిద్ధ జాబితాలో ఉంచింది. పరిశీలించే కన్ను తనను తాను చూసుకోలేదు.

కావాలని మార్చడం

ఇంతవరకు చెప్పినవి అనుకోకుండా వచ్చే మార్పులు. డీబగ్గర్‌ను మార్పు కోసమే వాడటం కూడా ఉంది. ప్రోగ్రామ్‌ను దూరం నుంచే కావాలని మార్చిన ఉదాహరణ ఒకటి అంగారకుడి మీద జరిగింది. 1997 జులై 4న దిగిన నాసా పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటర్ కొద్ది రోజులకే తనంతట తాను పునఃప్రారంభమవడం మొదలుపెట్టింది. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్యం గల పని ఒక ఉమ్మడి వనరును పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం గల పని అడ్డుపడి, అత్యవసరమైన పని వేచి ఉండవలసి రావడం కారణం. భూమి మీది నమూనా యంత్రంలో ట్రేస్ నడిపించి ఇంజినీర్లు దీన్ని పట్టుకున్నారు.

పరిష్కారం ఒక అమరికను ‘కాదు’ నుంచి ‘అవును’కు మార్చడం. నౌక వాడిన వీఎక్స్‌వర్క్స్ వ్యవస్థలో డీబగ్గింగ్ కోసం ఉంచిన సీ భాషా ఇంటర్‌ప్రెటర్‌ను ప్రయోగానికి ముందు తొలగించలేదు. అయితే మార్పును దాని ద్వారా చేయలేదు, భూమి నుంచి సాఫ్ట్‌వేర్ సవరణను పంపి ఆ విలువను మార్చారు. పునఃప్రారంభాలు ఆగాయి. డీబగ్గింగ్ ఏర్పాట్లను ప్రయోగానికి ముందు తీసేయడమే జాగ్రత్త అని చాలామంది భావిస్తారు. పాత్‌ఫైండర్ బృందం పరీక్షించిన దాన్నే ఎగరవేయాలని, ఎగరవేసేదాన్నే పరీక్షించాలని నమ్మింది. శోధకాన్ని తొలగించడం కూడా ప్రోగ్రామ్‌ను మార్చడమే కదా.

అయితే ఒక ప్రోగ్రామ్‌ను మార్చగల శక్తి ఎవరి చేతిలో ఉందన్నది భద్రతా సమస్య. యజమాని అధికారాలతో నడిచేలా గుర్తు పెట్టిన ప్రోగ్రామ్‌ను సాధారణ వినియోగదారు డీబగ్గర్ కింద ప్రారంభిస్తే, లినక్స్ ఆ అదనపు అధికారాలను ఇవ్వదు. ఫలితంగా డీబగ్గర్‌లో ‘అనుమతి లేదు’ అని విఫలమైన ప్రోగ్రామ్ బయట చక్కగా నడుస్తుంది. హానికర ప్రోగ్రామ్‌లు మరో అడుగు ముందుకు వేసి, డీబగ్గర్ ఉందేమో చూసుకుని, ఉంటే మంచి నడవడిక నటిస్తాయి. తనిఖీ అధికారి తరగతిలో ఉన్నంతసేపు బుద్ధిగా కూర్చునే పిల్లల తీరు ఇది.

మరి ఆ నలభై మంది లెక్క?

ఫరీదాబాద్ ఉదాహరణలో ప్రోగ్రామర్ ముందున్న మంచి దారి, ఆపి చూడటం మానేసి రెండు స్క్రిప్టులూ ప్రారంభ, ముగింపు సమయాలను నమోదు చేసేలా చేయడం. ఆ నమోదుకు కూడా కొంత సమయం పడుతుంది గాని అది అరనిమిషంతో పోలిస్తే లెక్కలోకి రానిది. ఒహాయో దోషాన్ని వెతికినవారిలా మొదటి స్క్రిప్ట్‌లో కావాలనే పది సెకన్ల ఆలస్యం పెడితే దోషం ప్రతి రాత్రీ కనిపిస్తుంది. కనిపించాక మరమ్మతు చిన్నది. మొదటి స్క్రిప్ట్ వేరే పేరుతో ఉన్న ఫైల్‌లోకి రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టాలి. ఒకే డిస్క్ విభాగంలో పేరు మార్చడం ఒక్క అడుగులో ముగుస్తుంది కాబట్టి సగం రాసిన ఫైల్ ఎవరి కంటా పడదు. ఆ పేరు ఇంకా కనిపించకపోతే రెండో స్క్రిప్ట్ వేచి ఉండాలి.

అంత సులువుగా లొంగని దోషాల కోసం నమోదు చేసి తిరిగి నడిపించే పద్ధతి ఉంది. మొజిల్లాలో రూపుదిద్దుకుని 2014లో బయటికి వచ్చిన ఆర్‌ఆర్ అనే ఉపకరణం ప్రోగ్రామ్ పరుగును ఒకసారి నమోదు చేసుకుంటుంది. తరువాత అదే పరుగును ఎన్నిసార్లయినా, వెనక్కి కూడా నడిపిస్తూ చూడవచ్చు. అప్పుడు ఎంతసేపు ఆపినా జరిగిపోయినది మారదు. నమోదు చేసే వేళ మాత్రం అది ప్రోగ్రామ్‌లోని పనులన్నింటినీ ఒకే ప్రాసెసర్ కేంద్రం మీద ఒకదాని తరువాత ఒకటిగా నడుపుతుంది. అందువల్ల కొన్ని రేస్ కండిషన్లు ఆర్‌ఆర్ ముందు కూడా కనిపించకుండా పోయేవి. దాన్ని రాసినవారు తరువాత ‘కేయాస్ మోడ్’ అనే ఎంపికను చేర్చారు. అది పనుల వంతులను యాదృచ్ఛికంగా తారుమారు చేస్తూ, కొన్నింటిని కావాలనే నిలిపి ఉంచుతూ, దోషం చిక్కేదాకా ప్రోగ్రామ్‌ను మళ్లీ మళ్లీ నమోదు చేయడానికి వీలు కల్పిస్తుంది.